చుక్క నీళ్ల కథ

శింగనమల చెరువు చాలా పెద్దది, నిండితే. ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే అనంతపురం సీమలో ఆ ‘నిండితే’ అన్న మాట చెరువు పేరులో భాగమైపోయింది. ఆ నేల మీద కూర్చుని లూకా సువార్త చదివితే, రెండు ఉపమానాలు మనం ఆదివారం ప్రసంగంలో విన్నట్టు ఉండవు.

మొదటిది 12వ అధ్యాయంలో ఉంది. ఒక ధనవంతుడికి పంట విరగకాసింది. పాత కొట్లు పడగొట్టి పెద్దవి కడదామనుకుంటాడు. ఆ రాత్రే నీ ప్రాణం పోతుందంటాడు దేవుడు. ఆస్తి అశాశ్వతం అన్న నీతి దగ్గరే ఆగితే, ఆ మాట మనకి వేమన ఎప్పుడో చెప్పాడు. ఇక్కడ గమనించాల్సింది ఆ మనిషి మాటతీరు. అన్నీ ‘నేను’, ‘నా’. కోత కోసిన కూలీ ఒక్కరూ కథలో కనిపించరు. శెనక్కాయ చెట్లు పీకే కూలికి పోయినవాళ్లకి ఆ ఖాళీ వెంటనే తెలుస్తుంది.

రెండోది 16వ అధ్యాయంలోని లాజరు కథ. యేసు చెప్పిన ఉపమానాల్లోని మామూలు మనుషుల్లో పేరున్నవాడు ఇతనొక్కడే. తన వాకిట్లో పడివున్న లాజరుని ధనవంతుడు కొట్టాడనీ తిట్టాడనీ లూకా ఎక్కడా చెప్పడు. చచ్చాక మంటల్లోంచి ఆ ధనవంతుడు అడిగేది వేలికొన తడిసేటన్ని నీళ్లు. అవీ లాజరు చేతే పంపించమంటాడు! అంటే పేరు తెలుసన్నమాట. పాతాళంలో కూడా లాజరు అతనికి పని చెప్పదగ్గ మనిషే.

ఈ కథల్ని పేదలకి ఓదార్పుగా చెబుతుంటారు: ఇక్కడ ఓర్చుకో, అక్కడ అంతా నీదే. నా పేచీ ఇక్కడే. మొదటి కథ ఆస్తి పంపకం అడిగినవాడికి జవాబు. రెండోది వింటున్నవాళ్లు డబ్బాశ ఉన్నవాళ్లని లూకాయే చెబుతాడు. కొట్లున్నవాడికి రాసిన ఉత్తరాన్ని కొట్లు లేనివాడికి చదివి వినిపిస్తున్నాం. పోనీ, నమ్మితే కారొస్తుంది, వీసా వస్తుంది అనే ప్రసంగాలు దీనికి విరుగుడా? అవి ఆ కొట్లకే ప్రార్థన జోడిస్తాయి.

1969లో అనంతపురం వచ్చిన జెసూట్ విన్సెంట్ ఫెర్రర్ మరుసటి ఏడాది ఆ సభ వదిలేశాడు. 2009లో చనిపోయేదాకా ఇక్కడివాళ్లతోనే ఉండి బావులు, ఇళ్లు, బళ్లు, ఆస్పత్రులు కట్టించాడు. అతనూ కట్టాడు, ఆ ధనవంతుడూ కట్టాలనుకున్నాడు. ఎవరికోసం అన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

లాజరు కథ చెప్పేవాళ్లు ఇద్దరి మధ్యా ఉన్న అగాధం గురించి గట్టిగా చెబుతారు. అది దాటరానిది, నిజమే. వాకిలి మాత్రం ధనవంతుడు రోజూ దాటాడు. చెరువు ఎండిన ఏడాది శింగనమలలో ఈ కథ చదివితే, బిందె నీళ్లు ఎవరి వాకిలి దాకా వచ్చి ఆగిపోతున్నాయన్నదే ముందు కనిపిస్తుంది.