హక్కుదారుడా, లబ్ధిదారుడా?

ప్రభుత్వ సహాయం గురించి ఇస్లామీయ దృక్పథంతో తెలుగులో వెలువడే వ్యాసాలలో ఒక లోపం తరచుగా కనిపిస్తుంది. అవసరం లేకుండా చేయి చాచేవానిని హెచ్చరించే హదీసులు వాటిలో పుష్కలంగా ఉంటాయి. సహాయాన్ని వసూలు చేసి పంచేవానిని నిలదీసిన హదీసులు అరుదు. అందువల్ల జవాబుదారీ భారమంతా పేదవాని తలపైనే పడుతున్నది.

ఈ లోపం అనువాదంలోనే మొదలవుతుంది. దివ్యఖుర్ఆన్ 70వ సూరా 24, 25 ఆయతులు సంపన్నుల సొమ్ములో అడిగేవానికీ, వంచితునికీ ఉన్నదానిని ‘హఖ్’ అని పేర్కొన్నాయి. ఆ మాటే తెలుగులో ‘హక్కు’గా స్థిరపడి ఉన్నది. అయినా మనం ‘దానం’ అని వ్రాస్తాము. ప్రభుత్వం ‘లబ్ధిదారు’ అని వ్రాస్తుంది. హక్కుదారుని పేరు కొట్టివేయాలంటే కారణం చూపాలి. లబ్ధిదారు విషయంలో ఆ బాధ్యత ఎవరికీ గుర్తుండదు.

అలాగని పరిశీలనే వద్దని అనలేము. దృఢకాయులైన ఇద్దరు సదఖా అడిగినప్పుడు దైవప్రవక్త (స) వారిని తేరిపార చూసి, ధనికునికీ, సంపాదించగల శక్తిమంతునికీ ఇందులో వాటా లేదని తెలిపి, నిర్ణయాన్ని వారి మనస్సాక్షికే విడిచినట్లు అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. సహీహ్ ముస్లింలోని ఖబీసా (రజి) హదీసు ఇంకా ముఖ్యం. పూచీకత్తు భారం నెత్తిన పడి వచ్చిన ఆయనకు ముందు సహాయం చేస్తామని మాట ఇచ్చి, ఆ తరువాతనే నియమం వివరించారు. పేదరికం దాపురించినవాని విషయంలో అతని జనంలోనే వివేకవంతులైన ముగ్గురు సాక్ష్యం చెప్పాలన్నారు.

మన దగ్గర జరిగినదేమిటి? తెలంగాణలో కంప్యూటరు సమాచారం ఆధారంగా రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. రికార్డుకూ బ్రతుకుకూ ఉన్న దూరం రుద్రూర్ చెరకు ప్రాంతానికి కొత్త కాదు. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర కర్మాగారంలో లే-ఆఫ్ ప్రకటించారు. లే-ఆఫ్‌లో పడిన కార్మికుడు కాగితంపై ఉద్యోగి. ఇంటికి మాత్రం జీతం రాదు. ఈ తేడా యంత్రం కంటే ముందు పొరుగింటికి తెలుస్తుంది. ఆత్మాభిమానంతో అడగనివారిని తెలియనివాడు ధనికులని భ్రమిస్తాడని ఖుర్ఆన్ (2:273) చెప్పినది ఇటువంటి పొరపాటునే.

ఇక అధికారి సంగతి. జకాత్ వసూలుకు వెళ్లి వచ్చిన ఇబ్నుల్ లుత్‌బియ్యా, కొంత సొమ్ము తనకు కానుకగా వచ్చిందన్నాడు. దైవప్రవక్త (స) మింబరెక్కి, ఆ పనిని అందరి ఎదుట ఖండించారు. బలిష్ఠులైన యాచకుల పట్ల చూపిన మెత్తదనం ఇక్కడ లేదు.

ఈ నీతికి దగ్గరగా వచ్చిన ప్రయత్నం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. 2006లో ఉపాధి హామీ మొదలైన జిల్లాలలో నిజామాబాద్ ఒకటి. ఆ పథకపు సామాజిక తనిఖీలలో మస్టరు రోల్‌ను కూలీల ఎదుట చదివి, నిజమా అని వారినే అడిగారు. తేలిన సొమ్మును తిరిగి రాబట్టడంలో ఆ తనిఖీలు బలహీనపడిన మాట నిజమే. కాని ప్రశ్న ఎవరిని అడగాలో అవి సరిగా గుర్తించాయి.

మన మొహల్లా బైతుల్‌మాల్‌లకూ ఇదే కొలత వర్తిస్తుంది. వితంతువును కాగితాలు అడిగే కమిటీ, తన జమాఖర్చులను జుమా నమాజు తరువాత చదివి వినిపిస్తున్నదా? ఆమెను కాదనే ముందు ఆమె వాడలోని ముగ్గురిని విచారిస్తున్నదా? ఈ రెండూ చేయనంతవరకు ప్రభుత్వాన్ని విమర్శించే మన మాటకు బరువుండదు.