తప్పు మొదలైన చోటు

శాస్త్ర పరిశోధనకు వాడే క్లస్టర్ అంటే నెట్‌వర్క్‌తో ముడిపడి ఒకే వ్యవస్థగా పనిచేసే పదులు, వందల కంప్యూటర్లు. ఒక్కో కంప్యూటర్‌ను నోడ్ అంటారు. పరిశోధకులు లాగిన్ నోడ్‌లోకి వెళ్లి, చేయవలసిన లెక్కను స్లర్మ్ వంటి షెడ్యూలర్‌కు అప్పగిస్తారు. వంతు వచ్చినప్పుడు అది కంప్యూట్ నోడ్ల మీద నడుస్తుంది. ఇంతమంది కలిసి వాడుకునే యంత్రం కాబట్టి సిస్టమ్ ఫైళ్లను మార్చే అధికారం అడ్మిన్లకే ఉంటుంది. క్లస్టర్‌లో లేని ప్రోగ్రామ్ కావాలంటే చాలాసార్లు దాని సోర్స్ కోడ్ తెచ్చుకుని, తమకు కేటాయించిన డైరెక్టరీలో తామే కంపైల్ చేసుకోవాలి. ఆ పనిలో వచ్చే చిక్కులు విప్పే పద్ధతి ఏళ్ల తరబడి అలవాటుగా స్థిరపడింది. ప్రయోగశాలల్లో దాన్ని ఎక్కువగా సీనియర్ విద్యార్థులే జూనియర్ల పక్కన కూర్చుని నేర్పుతారు.

డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ నమూనాను ఇన్‌స్టాల్ చేయబోతే ఈ చిక్కులన్నీ దాదాపు ఒకేచోట ఎదురవుతాయి. అమెరికాలోని బౌల్డర్‌లో ఉన్న ఎన్‌కార్ అనే వాతావరణ పరిశోధన సంస్థ కేంద్రంగా ఇది రూపుదిద్దుకుంది. బంగాళాఖాతం తుపాన్ల మీద పనిచేసేవారికీ ఇది బాగా పరిచయమే. ఇందులో ఎక్కువ భాగం ఫోర్ట్రాన్, కొంత సీ. ఫలితాలను ఫైళ్లలో రాయడానికి దీనికి నెట్‌సీడీఎఫ్ లైబ్రరీ కావాలి. దానికి సాధారణంగా హెచ్‌డీఎఫ్5, ఆ హెచ్‌డీఎఫ్5కు జెడ్‌లిబ్ అవసరం. నోడ్ల మధ్య సమాచారం అటూ ఇటూ పంపడానికి ఎంపీఐ ఉండాలి. వీటిని వేర్వేరు బృందాలు వేర్వేరు కాలాల్లో రాశాయి. విడివిడిగా చూస్తే ఏదీ చెడిపోయి ఉండదు. ఒకదానికొకటి పొసగకపోవడంతోనే ఇబ్బంది వస్తుంది.

క్లస్టర్‌లో ఒకే కంపైలర్‌కు నాలుగైదు వెర్షన్లు ఉండటం మామూలే. కావలసినదాన్ని ఎంచుకోవడానికి మాడ్యూళ్లు ఉంటాయి. జాన్ ఫర్లానీ 1991లో ఈ ఏర్పాటును ప్రతిపాదించాడు. దాని వారసుల్లో టెక్సస్ సూపర్ కంప్యూటింగ్ కేంద్రంలో తయారైన ఎల్‌మాడ్ ఈనాడు చాలాచోట్ల కనిపిస్తుంది. మాడ్యూల్‌ను లోడ్ చేస్తే, ప్రోగ్రామ్‌లనూ లైబ్రరీలనూ ఎక్కడ వెతకాలో చెప్పే చిరునామాలు మారతాయి. అందుకే చిక్కు వచ్చినప్పుడు మొదట చేసే పని మాడ్యూళ్లన్నీ తీసేసి, అవసరమైనవి మాత్రమే తిరిగి లోడ్ చేయడం. లాగిన్ కాగానే నడిచే బాష్ ఫైల్‌ను కూడా తెరిచి చూడాలి. ఎప్పుడో, ఏదో ప్రోగ్రామ్ కోసం అందులో రాసుకున్న ఒక పాత లైను ఇవాళ్టి కంపైలర్‌ను దారి తప్పించగలదు.

తరువాతి పని లాగ్ చదవడం. ఈ విద్యకు గుండెకాయ ఇదే. డబ్ల్యూఆర్‌ఎఫ్ కంపైల్ స్క్రిప్ట్ ఎర్రర్ వచ్చినా ఆగదు, మిగిలిన ఫైళ్లను కంపైల్ చేస్తూనే పోతుంది. వేల లైన్ల తరువాత, చివర్లో ఎక్జిక్యూటబుల్ ఫైళ్లు తయారుకాలేదని మాత్రం చెబుతుంది. కొత్తవారు ఆ చివరి లైను దగ్గరే కూర్చుంటారు. అక్కడ కనిపించేవన్నీ పర్యవసానాలు. ఒక ఫైల్ కంపైల్ కాకపోతే దాని మీద ఆధారపడినవన్నీ వరసగా విఫలమవుతాయి. కాబట్టి లాగ్‌ను పైనుంచి వెతికి మొట్టమొదటి ఎర్రర్‌ను పట్టుకోవాలి. ఒకేసారి పది ఫైళ్లను కంపైల్ చేయిస్తే వాటి సందేశాలు కలగాపులగమవుతాయి. అలాంటప్పుడు ఒక్కో ఫైల్‌నే కంపైల్ చేయించి చూస్తే మొదటి తప్పు తేటగా బయటపడుతుంది. ముందుగా కాన్ఫిగర్ స్క్రిప్ట్ నడిపే ప్యాకేజీల్లోనైతే అది విఫలమైనప్పుడు అసలు కారణం తెర మీద ఉండదు, కాన్ఫిగ్ డాట్ లాగ్ అనే ఫైల్‌లో ఉంటుంది.

ఆ మొదటి ఎర్రర్ తరచు నెట్‌సీడీఎఫ్ దగ్గరే దొరుకుతుంది. లైబ్రరీని వాడే కోడ్ కంపైల్ కావాలంటే చదవవలసిన మాడ్ ఫైళ్లను ప్రతి ఫోర్ట్రాన్ కంపైలర్ తనదైన తీరులో రాసుకుంటుంది. ఇంటెల్ కంపైలర్ రాసినదాన్ని జీఫోర్ట్రాన్ చదవలేదు. జీఫోర్ట్రాన్ వెర్షన్ల మధ్య కూడా ఒక్కోసారి కుదరదు. అడ్మిన్లు ఒక కంపైలర్‌తో కట్టిన లైబ్రరీని పరిశోధకుడు మరో కంపైలర్‌తో వాడబోతే పని అక్కడే ఆగిపోతుంది. దీనికి సర్దుబాటు లేదు. లైబ్రరీలూ నమూనా అన్నీ ఒకే కంపైలర్‌తో కట్టవలసిందే. రెండో చిక్కు డైరెక్టరీది. నెట్‌సీడీఎఫ్ 4.2 నుంచి ఫోర్ట్రాన్ భాగం వేరే ప్యాకేజీ అయింది. డబ్ల్యూఆర్‌ఎఫ్ మాత్రం రెండు భాగాలనూ ఒకే డైరెక్టరీలో వెతకడం అలవాటైన ప్రోగ్రామ్. మాడ్యూళ్లు వాటిని వేర్వేరు చోట్ల పెడితే, ఒక కొత్త డైరెక్టరీ చేసి రెండింటికీ అక్కడినుంచి లింకులు ఇవ్వాలి.

కంపైలర్ కఠినంగా మారడం వల్ల ఆగే సందర్భాలూ ఉన్నాయి. 2020లో వచ్చిన జీసీసీ 10 (జీఫోర్ట్రాన్ ఇందులో భాగమే), అంతకుముందు హెచ్చరికతో వదిలేసిన ఆర్గ్యుమెంట్ల పొంతన లోపాన్ని ఎర్రర్‌గా చూడడం మొదలుపెట్టింది. దానితో ఏళ్లుగా నడుస్తున్న ఫోర్ట్రాన్ కోడ్‌లు ఎన్నో ఆగిపోయాయి. పాత తీరును అనుమతించే ఆప్షన్ ఉంది. కోడ్ రాసినవారే సూచించినప్పుడు దాన్ని వాడవచ్చు. ఏమి సడలిస్తున్నామో తెలియకుండా వాడడం మంచి అలవాటు కాదు.

కంపైల్ అయిన ప్రోగ్రామ్ నడుస్తుందన్న హామీ లేదు. లాగిన్ నోడ్ మీద సరిగా ఉన్న ప్రోగ్రామ్ కంప్యూట్ నోడ్ మీద ఫలానా లైబ్రరీ దొరకలేదంటే, జాబ్ స్క్రిప్ట్‌లో మాడ్యూళ్లు లోడ్ చేయడం మరిచారేమో చూడాలి. ఎల్‌డీడీ అనే ఆదేశం ప్రోగ్రామ్‌కు కావలసిన లైబ్రరీలు ఏవో, ఏది ఎక్కడ దొరికిందో, ఏది దొరకలేదో చూపుతుంది. దాన్ని కంప్యూట్ నోడ్ మీదే నడపాలి. ప్రాసెసర్‌కు అర్థంకాని ఆదేశం వచ్చిందంటూ ప్రోగ్రామ్ ఆగితే కారణం వేరు: కొత్త తరం ప్రాసెసర్ ఉన్న నోడ్‌లో, దాని సామర్థ్యమంతా వాడుకునే ఆప్షన్‌తో కంపైల్ చేసి, పాత తరం నోడ్ మీద నడిపి ఉంటారు. ఎంపీఐ తేడా మరీ మోసకరం. నాలుగు ప్రాసెస్‌లు కలిసి ఒక లెక్క చేయవలసింది పోయి, ప్రతి ఒక్కటీ తానే సున్నా సంఖ్య ప్రాసెస్‌నని, తాను ఒంటరినని అనుకుని మొత్తం లెక్కను విడిగా చేస్తుంది, అలా అదే లెక్క నాలుగుసార్లు జరుగుతుంది. కంపైల్ చేసిన ఎంపీఐ ఒకటి, నడిపిన ఎంపీఐ మరొకటి అయినప్పుడు కనిపించే లక్షణమిది. డబ్ల్యూఆర్‌ఎఫ్ మొదలవగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో కూలిపోతే ముందు స్టాక్ మెమరీ పరిమితి పెంచి చూస్తారు. డిస్క్ కోటా నిండడం వంటివి వెంటనే తేలేవే. కోటా ఫైళ్ల సంఖ్యకు కూడా ఉంటుందన్నది ఒక్కటి గుర్తుంటే చాలు.

ఎన్‌కార్ తన శిక్షణ పాఠాల్లో పెట్టిన క్రమం ఈ శ్రమను చాలావరకు తప్పిస్తుంది. అసలు నమూనా జోలికి వెళ్లకముందే చిన్న ప్రోగ్రామ్‌లతో పరీక్షలు చేయిస్తుంది: ఫోర్ట్రాన్ కంపైల్ అవుతోందా, సీ అవుతోందా, రెండూ కలిసి పనిచేస్తున్నాయా, నెట్‌సీడీఎఫ్‌తో ఎంపీఐ కుదురుతోందా. పది లైన్ల ప్రోగ్రామ్‌లో బయటపడే లోపాన్ని లక్షల లైన్లలో వెతకవలసిన అవసరం ఉండదు.

పరీక్షలకు ఇంకా పెద్ద ప్రయోజనం ఉంది. ఆగిపోయిన ప్రోగ్రామ్ వల్ల పోయేది సమయం. తప్పు లెక్క చేస్తూ చక్కగా నడిచే ప్రోగ్రామ్ వల్ల పరిశోధనే చెడుతుంది. పూర్ణాంకాలను 64 బిట్లుగా తీసుకునే గణిత లైబ్రరీని 32 బిట్ల కోడ్‌కు జోడిస్తే అది కూలిపోవచ్చు, అర్థంలేని సంఖ్యలూ ఇవ్వవచ్చు. అందువల్ల ఇన్‌స్టాల్ అయ్యాక, ఫలితం ముందే తెలిసిన ఒక ఉదాహరణను నడిపి పోల్చడం తప్పనిసరి. ప్రాసెస్‌ల సంఖ్య మారితే కూడికల వరస మారి చివరి అంకెల్లో తేడా రావడం సహజం. మొదటి అంకెల్లోనే తేడా ఉంటే ఇన్‌స్టాలేషన్‌ను నమ్మకూడదు.

ఇలా చేత్తో చేసే పనిని రెసిపీలుగా రాసి యంత్రానికే అప్పగించే సాధనాలు వచ్చాయి. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం 2012లో ఈజీబిల్డ్‌ను అందరికీ అందుబాటులో పెట్టింది. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల స్పాక్‌ను తయారుచేసింది. ఏ కంపైలర్, ఏ వెర్షన్, ఏ ఆప్షన్ అన్నది వీటిలో లిఖితమై ఉంటుంది కాబట్టి ఆరు నెలల తరువాత మరొకరు అదే ఇన్‌స్టాలేషన్‌ను తిరిగి చేయగలరు. ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన లైబ్రరీలతో సహా ఒకే ఫైల్‌లో మూటగట్టే అప్టైనర్ వంటి కంటైనర్లు మరో దారి. అయితే అనేక నోడ్ల మీద నడిచేటప్పుడు కంటైనర్ లోపలి ఎంపీఐ, క్లస్టర్ ఎంపీఐ ఒకదానికొకటి పొసగాలి. అది కుదిరిందో లేదో అక్కడా ముందు రెండు నోడ్ల మీద ఒక చిన్న ప్రోగ్రామ్ నడిపే చూస్తారు.