దైవసేవకుడు ఎవరికి సేవకుడు?

మన తండాల్లో ప్రార్థన నడిపే పాస్టరును దైవసేవకుడు అంటాం. కొందరు దైవజనుడు అంటారు. సభల పోస్టర్లలో ఆ మాటకు పెద్ద అక్షరాలు, పక్కన పెద్ద ఫొటో. ఆయన వస్తే కుర్చీ వేస్తాం, మనం చాప మీద కూర్చుంటాం. సేవకుడు అంటే పని చేసేవాడు కదా, మరి కుర్చీ ఆయనకెట్లా వచ్చింది? ఈ ప్రశ్న వేస్తే విశ్వాసం తగ్గిందని అనుకోవద్దు. బైబిలు చదివినందుకే అడుగుతున్నాం.

తెలుగు బైబిలులో దీనికి మూడు మాటలున్నాయి. యెషయా గ్రంథంలో బాధలు మోసేవాడు సేవకుడు. పౌలు రోమా సంఘానికి రాస్తూ తనను తాను దాసుడు అని చెప్పుకున్నాడు. అదే పత్రిక చివరి అధ్యాయంలో ఫీబే అనే స్త్రీని సంఘ పరిచారకురాలు అన్నాడు. పరిచారకుడు అన్నచోట గ్రీకు మాటకు వడ్డించేవాడు, అవసరం చూసుకునేవాడు అని అర్థం. దాసుడు అన్నచోట ఉన్న గ్రీకు మాటకు అర్థం ఇంకా కఠినం: కొనుక్కున్న బానిస.

తెలుగులో దాసుడు అనగానే పండితులకు రామదాసు గుర్తొస్తాడు, సంక్రాంతికి వచ్చే హరిదాసు గుర్తొస్తాడు. దేవుడి ముందు తగ్గి చెప్పుకున్న గౌరవమైన మాట అది. అయితే ఆ మాట అందరి చెవికీ ఒకేలా వినిపించదు. నిజాం రాజ్యంలో వెట్టి చేసినవాళ్లకు, అప్పు కింద ఏండ్ల తరబడి జీతం ఉన్నవాళ్లకు దాసుడు అంటే భక్తి కాదు, బతుకు. ఆ అప్పు జీతాన్నే భగేలా అనేవారు. దాన్ని అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లో నిబంధన తేవాల్సి వచ్చింది. దేశమంతటికీ వెట్టి రద్దు చట్టం వచ్చింది 1976లో. ఇంట్లో తాత జీతం ఉండివస్తే, మనవడికి గుడిలో నువ్వు దాసుడివి అని చెప్పేటప్పుడు ఎవరికి దాసుడో కూడా చెప్పాలి. చెప్పకపోతే దొర పోయిన జాగలో మరొకరు వచ్చి కూర్చుంటారు.

చెరకు పండే నేలకు ఈ సంగతి మరీ దగ్గరిది. వెస్టిండీస్ చెరకు తోటల్లో ఆఫ్రికా బానిసల కోసం 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చువేశారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు వెట్టి నుంచి బయటపడిన కథను అందులోంచి తీసేశారు. యజమానికి లోబడమన్న మాటలు మాత్రం ఉంచారు. గ్రంథం అదే, కత్తిరించిన చెయ్యి వేరు. మన బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. నిజాంసాగర్ నీళ్లతో చెరకు పెరిగింది, శక్కర్‌నగర్ వెలిసింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయిన ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు రైతూ కార్మికుడూ రోడ్డున పడ్డ అలాంటి కాలంలో ప్రసంగం ఓర్చుకోండి అన్నదగ్గరే ఆగిపోతే, అది కూడా కత్తిరించిన బైబిలే. కూలి ఆపినవాడి మీద యాకోబు రాసిన పత్రిక ఎంత కోపంగా మాట్లాడిందో ఆ రోజు చదవాలి.

మన జిల్లాలో దైవసేవకు ఉదాహరణ అడిగితే డిచ్‌పల్లి పేరే చెబుతారు. చెప్పాలి కూడా. స్కాట్లాండ్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్ 1907లో భర్త జార్జి కెర్‌తో మెథడిస్టు మిషన్ తరఫున ఈ దేశానికి వచ్చారు. ఊరు వెలివేసిన కుష్ఠు రోగులను ముట్టుకొని చూశారు. చాల్‌మోగ్రా జాతి నూనె ఇంజెక్షన్లతో వైద్యం చేశారు. డిచ్‌పల్లి ఆసుపత్రి లేవడానికి డబ్బు సాయం చేసినవాడు నిజామాబాదు రాజా నర్సాగౌడ్, క్రైస్తవుడు కాదు. ఇవన్నీ నిజం. కానీ ఆ కథ చెప్పే తీరు మీద మాకు పేచీ ఉంది. సేవ చేసినవాళ్లకు పేర్లున్నాయి, పతకాలున్నాయి. సేవ అందుకున్నవాళ్లు ఒక గుంపుగానే మిగిలారు. సేవకురాలు నడిపిన ఆసుపత్రికి పెట్టిన పేరు విక్టోరియా మహారాణిది. ఆ డాక్టరమ్మ సేవను తక్కువ చేయడం లేదు. సేవ చుట్టూ అధికారం ఎంత మెల్లగా వచ్చి చేరుతుందో చూడమంటున్నాం.

యేసు శిష్యుల కాళ్లు కడిగినప్పుడు పేతురు ఒప్పుకోలేదు. పెద్దవాడు కిందికి వంగితే చిన్నవాడికి కూడా ఇబ్బందే. ఆ రాత్రే యేసు వాళ్లతో, మిమ్మల్ని ఇక దాసులనను, స్నేహితులంటాను అన్న అర్థంలో చెప్పాడు. పౌలు కూడా ఒనేసిము అనే బానిసను యజమాని ఫిలేమోను దగ్గరికి పంపుతూ, దాసుడిగా కాదు, సహోదరుడిగా చేర్చుకోమన్నాడు. అంటే దాసుడు అన్న మాట అక్కడే ఆగిపోలేదు, అన్నదమ్ముల దాకా నడిచింది.

ఈ నడక మనకు కొత్త కాదు. సేవాలాల్‌ను మనం మహారాజ్ అంటాం, భోగ్ పెట్టి మొక్కుతాం. అయినా నోరారా పిలిచేది సేవా భాయా అనే. ఇద్దరినీ ఒకటి చేయాలని కాదు, ఎవరి మొక్కు వాళ్లది. అయితే గోర్ బోలిలో పెద్దరికానికీ అన్నతనానికీ పడదన్న మాట లేదు. తండాకు వచ్చే పాస్టరును భాయా అని పిలిస్తే ఆయన గౌరవం ఏమీ తగ్గదు. అట్లా పిలిస్తే పలకనివాడు ఏ దేవుడికి సేవకుడో తండా అడగొచ్చు. కానుక లెక్క చాప మీద, అందరి ముందు చెప్పమనీ అడగొచ్చు. చెరకు కొట్టి వచ్చిన చేతులు ఇచ్చిన డబ్బు అది.