రీలు మీద మలుపు

స్కీలు కట్టుకుని వాలు మీద నిలబడితే జారడం దానంతట అదే జరిగిపోతుంది. చిక్కంతా తిరగడం దగ్గర, ఆగడం దగ్గర. ఆల్ప్స్‌లో వందేళ్ల కిందట ఆ చిక్కు విప్పడానికి ఒక స్కీ గురువూ, ఒక సినిమా దర్శకుడూ జతకట్టారు.

గురువు హానెస్ ష్నైడర్. ఆస్ట్రియాలోని ఆర్ల్‌బర్గ్ ప్రాంతంలో, స్టూబెన్ అనే చిన్న ఊళ్లో 1890లో పుట్టాడు. 1907లో సెయింట్ ఆంటన్‌లోని ఒక హోటల్లో అతిథులకు స్కీయింగ్ నేర్పే పనిలో కుదిరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పర్వత దళాల సైనికులకు నేర్పాల్సి వచ్చింది. ఒక్కొక్కరి చేయి పట్టుకుని నేర్పితే అయ్యే పని కాదది. అందరికీ ఒకే వరసలో మెట్లు కావాలి.

మొదటి మెట్టు స్నోప్లౌ. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు ఎడంగా పెట్టి, లోపలి అంచులు మంచులో దిగేలా నొక్కాలి. పిల్లలకు దీన్నే ఇవాళ ‘పిజ్జా’ అని చెబుతారు. మనవాళ్లయితే సమోసా అనేవారేమో! ఇప్పుడు బరువు ఎడమ స్కీ మీదికి తెస్తే మనిషి కుడికి తిరుగుతాడు. మెట్టు ఎక్కేకొద్దీ ఆ ఎడం తగ్గుతూ పోతుంది. చివరికి రెండు స్కీలూ జంటగా కదులుతాయి.

చెప్పినంత తేలిక కాదు. భయం వేసినవాడు వెనక్కి, కొండవైపు వాలతాడు. దాంతో స్కీల ముందు భాగం మీద బరువు ఉండదు, అవి మాట వినవు. మోకాళ్లు వంచి, ముంగాళ్లతో బూటు ముందు భాగాన్ని నొక్కుతూ, లోయవైపే వంగాలి. ఒళ్లు వద్దంటున్న పని అది. ష్నైడర్ పద్ధతిలో గూని వేసినట్టు కిందికి వంగడం ఉండేది. ఆనాటి మెత్తని తోలు బూట్లకూ, పొడవాటి కర్ర స్కీలకూ అదే నప్పింది.

ఇదంతా మాటల్లో ఎంత చెప్పినా అరకొరే. ఇక్కడే సినిమా దర్శకుడు ఆర్నాల్డ్ ఫాంక్ అక్కరకొచ్చాడు. 1920లో అతను తీసిన స్కీ చిత్రంలో ష్నైడర్ మలుపులు నిదాన గతిలో కనిపించాయి. 1925లో ఇద్దరూ కలిసి పుస్తకం వేశారు. ఒక్క మలుపును సినిమా రీలులోని వరస ఫ్రేములుగా విడగొట్టి అచ్చేశారు. బరువు ఏ క్షణాన ఒక కాలి నుంచి రెండో కాలికి మారిందో పాఠకుడు వేలు పెట్టి చూపించవచ్చు. ఆ రోజుల్లో స్కీ పాఠానికి అంతకు మించిన సాధనం ఉందనుకోను.

1930లో ష్నైడర్ జపాన్ వెళ్లి నేర్పాడు. 1938లో నాజీలు ఆస్ట్రియాను కలిపేసుకున్నాక అతన్ని అరెస్టు చేశారు. 1939లో అమెరికాలోని నార్త్ కాన్వే చేరాడు. రైలు దిగేసరికి పిల్లలు స్కీ కర్రలు పైకెత్తి తోరణం కట్టి నిలబడ్డారు. 1955లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు.

ఫాంక్ కెమెరాతో చేసిన పని ఇప్పుడు జేబులోని ఫోను చేస్తుంది. గుల్‌మార్గ్‌లోనో, ఔలీలోనో స్నేహితుడి చేత స్లో మోషన్‌లో తీయించుకుని, బరువు మారే క్షణం దగ్గర ఆపి చూసుకోవచ్చు. ఫోను లేకపోయినా పర్వాలేదు. వాలు దిగాక వెనక్కి తిరిగి మంచు మీది జాడ చూడాలి. చీపురుతో ఊడ్చినట్టు వెడల్పుగా ఉంటే స్కీలు పక్కకు జారాయి. సన్నటి గీతలు రెండు పడితే అంచులు పట్టాయి.