ఈ-పుస్తకం: కొత్త పాఠకుడి విసుగు

ఈ-పుస్తకంతో విసిగిన పాఠకుణ్ణి ఛాందసుడని తీసిపారేసే ధోరణి మన రచయితల్లోనూ కనబడుతోంది. కాగితం వాసన మీది మోజును నేనూ సమర్థించను. కాని అసలు చిక్కు అది కాదు.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికే మన పాత గ్రంథాల్లో చాలా భాగం అచ్చుపుటల ఛాయాచిత్రాలు. ఆరంగుళాల తెర మీద ఒత్తులు అలుక్కుపోతాయి. పెద్దవి చేస్తే సగం వాక్యం తెర దాటిపోతుంది. పంక్తి పంక్తికీ పుటను అటూ ఇటూ జరుపుకోవాలి. విద్యార్థి ఒక మాట కోసం వెతికితే చాలాసార్లు దొరకదు, యంత్రం కంటికి అది బొమ్మ గనక. డీటీపీ కాలపు పుస్తకాల గతీ మెరుగ్గా లేదు. అను ఫాంట్లలో కూర్చిన పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఒక్కొక్క పుటా దిద్దాలి. ఆ దిద్దుబాటు కూలి ఎవరిస్తారు? లాభం కనిపించని చోటికి పెట్టుబడి రాదు. 2016లో అమెజాన్ కిండిల్‌లో హిందీ, మరాఠీ, గుజరాతీ, తమిళ, మలయాళ పుస్తకాలకు చోటిచ్చింది. ఆ జాబితాలో తెలుగు లేదు.

పోనీ, కొన్నవాడికైనా హక్కుందా? మా బడిలో ఒక నవల అట్ట ఊడేదాకా చేతులు మారుతుంది. ఈ-పుస్తకాన్ని అలా పక్కవాడికి ఇవ్వబోయినప్పుడే కొత్త పాఠకుడికి తెలిసొస్తుంది, తాను కొన్నది చదువుకునే అనుమతి మాత్రమేనని. ఆ అనుమతీ నిలకడైంది కాదు. 2009లో హక్కుల తగాదా వచ్చి, అమెజాన్ ఆర్వెల్ '1984'ను పాఠకుల పరికరాల్లోంచి చెప్పకుండానే తొలగించింది. డబ్బు వాపసిచ్చింది, తరవాత క్షమాపణా చెప్పింది. అయినా 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని తీగతో పరికరానికి ఎక్కించుకునే వీలును తీసేసింది.