కార్తె సామెతలు – విశాఖ ప్రాంత సేద్యం: ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రవేశిక

తెలుగు వ్యవసాయ సామెతల పరిశీలనలో ప్రధానంగా రెండు వైఖరులు కనిపిస్తాయి. వాటిని పూర్వుల వాతావరణ శాస్త్రంగా కీర్తించడం ఒకటి; కాలం చెల్లిన నమ్మకాలుగా పక్కన పెట్టడం రెండవది. ఆ సామెతను ఏ నేల మీద, ఏ పంటను చూస్తూ పలికారన్న ప్రశ్న రెండింటిలోనూ వెనుకబడుతుంది. కెప్టెన్ కార్ 1868లో మద్రాసులో ప్రచురించిన ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ మొదలుకొని అనేక సంకలనాలు సామెతలను అకారాది క్రమంలోనే కూర్చాయి. ఆ క్రమంలో అక్షరానికి చోటు దొరికింది గాని ఊరికి దొరకలేదు. డెల్టా మాగాణి మాట, మెట్ట మాట, మన్యం మాట ఒకే వరుసలో చేరాయి. కార్తె సామెతలను విశాఖపట్నం పరిసర సేద్యం నేపథ్యంలో చదివి, వాటి శక్తిని, పరిమితిని గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం.

కార్తె: కాలానికి ఒక కొలత

సూర్యుడు ఒక నక్షత్రంలో సంచరించే 13, 14 రోజుల కాలం కార్తె. ఏడాదికి 27 కార్తెలు. తిథి ఏటా జరుగుతుంది. కార్తె దాదాపు అదే తేదీకి వస్తుంది. కనుకనే విత్తనానికి, ఉభాలకు అది నమ్మదగిన కొలత అయింది. “ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి”, “మృగశిర కురిస్తే ముసలి ఎద్దూ రంకె వేస్తుంది” వంటివి నైరుతి రుతుపవనాల రాకతో ముడిపడిన మాటలు.

అయితే నక్షత్ర గణన రుతువులతో పూర్తిగా కలిసి నడవదు. సుమారు 71 ఏళ్లకు ఒక రోజు చొప్పున, వెయ్యేళ్లకు దాదాపు ఒక కార్తె మేర తేడా వస్తుంది. కాబట్టి ఈ సామెతలను మార్పులేని సనాతన సత్యాలుగా భావించడం పొసగదు. నిలవాలంటే అవి ఏ తరానికా తరం తన చేలో సరిచూసుకున్న వాక్యాలై ఉండాలి.

ఎత్తిన గంప

“ఉత్తర చూసి ఎత్తర గంప” అన్న సామెతకు ప్రచారంలో ఉన్న అర్థం స్పష్టం. సెప్టెంబరు ద్వితీయార్ధంలో వచ్చే ఉత్తర కూడా ఎండిపోతే ఆ ఏటి పంటపై ఆశ వదిలి వలస పోవలసిందే. ఇందులో జోస్యం లేదు. ఎంతవరకు ఎదురుచూడాలి, ఎప్పుడు ఊరు విడవాలి అన్న నిర్ణయం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి విశాఖకు కూలికి వచ్చిన కుటుంబాల అనుభవం దీనికి దగ్గరగా నిలుస్తుంది. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం ఈ నగరాన్ని పని దొరికే చోటుగా మార్చాయి.

కాని ఈ సామెత కారణమంతా ఆకాశానికే అప్పగిస్తుంది. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన గ్రామాల రైతులు ఉత్తర కురిసినా గంప ఎత్తవలసి వచ్చింది. శారదా నదిపై సాగునీటి కోసం కట్టిన రైవాడ జలాశయం నగరానికి తాగునీరూ ఇస్తోంది; ఆ నీటిని పూర్తిగా సాగుకే ఇవ్వాలని ఆయకట్టు రైతులు కోరుతున్నారు. నేడు వానకు, మడికి నడుమ నీటి పంపకం నిలిచి ఉంది. దానికి కార్తె లేదు.

చిత్త చినుకు, చిత్త తుపాను

“చిత్త చినుకు చిత్తమున్న చోట పడుతుంది” అన్నది అక్టోబరు వాన చంచలత్వాన్ని పట్టిన మాట. ఒక పొలం తడిసి పక్క పొలం ఎండడం ఇందులోని చమత్కారం. విశాఖలో సగటున అత్యధిక వర్షం కురిసేది అక్టోబరులోనే. అయితే అదే కార్తె ఈ తీరానికి వేరే అనుభవాన్ని ఇచ్చింది. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద తీరం దాటి ఉత్తరాంధ్రపైనా ప్రభావం చూపింది. మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖనే తాకింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటింది. మూడూ చిత్త కార్తె ఆరంభంలో వచ్చినవే.

అప్పటికి వరి పొట్ట మీదో, ఈనిక మీదో ఉంటుంది; చెరకు నిలువెత్తు పెరిగి ఉంటుంది. గాలికి ఒరిగిన చేను లేవదు. ప్రచారంలో ఉన్న కార్తె సామెతల్లో అధికభాగం వాన వచ్చిందా, రాలేదా అనే ఆలోచిస్తాయి. అతివృష్టికి, గాలికి వాటిలో దక్కిన చోటు స్వల్పం.

రెండో పరిమితి పంటల కాలానికి సంబంధించినది. సామెత ఒక కారు పంటను లెక్కిస్తుంది. హుద్‌హుద్‌కు అరకు, పాడేరు ప్రాంతాల కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి నేలకొరిగాయి. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ నష్టాన్ని 14 రోజుల కొలతతో కొలవలేం. నేటి వాతావరణ హెచ్చరిక రోజుల ముందే అందుతోంది, మనుషుల ప్రాణాలు కాపాడుతోంది. అయినా పచ్చి చేనును ఎవరూ ఇంటికి తరలించలేరు.

ముగింపు

కార్తె సామెతల విలువ అవి చెప్పే వానలో కంటే, వాన రానప్పుడు రైతు చేసిన నిర్ణయాలను నిలుపుకోవడంలో ఉంది. వాటిని శాస్త్రంగా నిరూపించబూనితే చిత్త తుపాను ముందు అవి ఓడిపోతాయి. సాక్ష్యంగా చదివితే ఎవరికి ఎంత ఆసరా ఉండేదో చెబుతాయి. కాబట్టి ఇకముందు సేకరణలు ప్రతి సామెతకూ ఊరు, నేల, పంట, నీటివసతి నమోదు చేయవలసి ఉంది. తుపాన్ల తర్వాత ఈ తీర గ్రామాల్లో పుట్టిన కొత్త మాటలను కూడా సేకరించినప్పుడే ఈ సంప్రదాయం నడుస్తోందో, నిలిచిపోయిందో తేలుతుంది.