గాయకుని వెబ్‌సైటు: కోడు వ్రాయునదెవరు?

సంగీతజ్ఞులు కోడు నేర్వకుండానే తమ వెబ్‌సైటును తామే నిర్మించుకొనవచ్చునని చెప్పు సేవలు నేడు పెక్కు కలవు. వానిలో బ్యాండ్‌జూగిల్ అనునది కెనడాలోని మాంట్రియల్ నగరమున 2003లో పుట్టినది. స్థాపకుడు స్వయముగా వాద్యబృందమున వాయించినవాడు. పని తెలిసినవాని చేతి పరికరమని చూడగానే తెలియును. కచేరీల పట్టిక, పాట వినిపించు మీట, రికార్డుల అమ్మకము, శ్రోతల ఈమెయిలు జాబితా అన్నియు ఒకేచోట అమర్చబడియున్నవి. అమ్మకముపై కమిషను లేకుండ చందా మాత్రమే గైకొనుట మెచ్చదగిన విషయము.

అయితే “కోడు అక్కరలేదు” అను మాటను కొంచెము పరీక్షింపవలెను. తెరపైనున్న పాటల పెట్టెను మౌస్‌తో లాగి వేరొకచోట వదలినపుడు కోడు మాయమైపోదు. మన బదులు సేవవారి ప్రోగ్రాము దానిని వ్రాయును. కంప్యూటరులో ఏదేని వెబ్ పుటను తెరచి కంట్రోల్, యు మీటలను కలిపి నొక్కినచో ఆ వ్రాత కనబడును. విద్యార్థులకు ఇంతకన్న చౌకైన ప్రయోగము దొరకదు. ఈ యేర్పాటు క్రొత్తదియు కాదు. టిమ్ బెర్నర్స్-లీ 1990లో సెర్న్ పరిశోధనశాలలో రచించిన మొట్టమొదటి బ్రౌజరులోనే, హెచ్‌టిఎంఎల్ గుర్తులు టైపు చేయకుండ పుటను దిద్దుటకు వీలుండెను. 1993లో వచ్చిన మొజాయిక్ ఆదిగా ప్రచారమొందిన బ్రౌజర్లు ప్రధానముగా చదువుటకే ఉపయోగపడినవి.

చిక్కు వేరొకచోట నున్నది. వ్రాయునది సేవవారి ప్రోగ్రాము. దాచునది వారి కంప్యూటరు. పాటల ఫైళ్లను, శ్రోతల జాబితాను తీసికొనిపోవచ్చును గాని, పుటల అమరిక సాధారణముగా మరియొక సేవకు తరలిరాదు. సేవలు చేతులు మారుటయు అరుదు కాదు. బ్యాండ్‌జూగిల్ 2023లో డిస్ట్రోకిడ్ సంస్థ వశమైనది. పాటలమ్ము బ్యాండ్‌క్యాంప్ 2022లో ఎపిక్ గేమ్స్ చేతికిని, మరుసటి యేడే సాంగ్‌ట్రేడర్ చేతికిని పోయినది. మైస్పేస్ కథ మరింత దుఃఖకరము. 2015కు ముందు సంగీతకారులు అందుంచిన పాటలు, సర్వర్లు మార్చునపుడు నశించినవని 2019లో వెల్లడియయ్యెను. అవి 5 కోట్లకు పైబడినవని పత్రికలు వ్రాసినవి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారు మరల వినిపింపగలిగినవి సుమారు 4,90,000 మాత్రమే! ఇంట ప్రతి ఉంచుకొననివారి గతి చెప్పనక్కరలేదు.

వీణ వాయించువానిని హెచ్‌టిఎంఎల్ నేర్వుమనుట, వడ్రంగము నేర్చి వీణ చేసికొమ్మనుట వంటిది. కావున ఈ సేవలను వాడుకొనవచ్చును. కాని వీణ కొన్నవాడు ఇల్లు మారునపుడు దానిని వెంట తీసికొనిపోగలడు గదా! వెబ్‌సైటు విషయమున అట్లు వెంట వచ్చునది డొమైను, అనగా వెబ్ చిరునామా. ఏటేట రుసుము చెల్లింపవలసియున్నను దానిని గాయకుడు తన పేరనే నమోదు చేయించుకొనవలెను. సేవవారు ఉచితముగా నిచ్చు చిరునామాతో సరిపెట్టుకొన్నచో, సేవ విడిచిననాడు అదియు పోవును. శ్రోతలు మాత్రము పాతచోటనే వెదకుచుందురు.